పేరు తప్పిన పెట్టె

ఇంతవరకూ జరిగింది తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. స్టేషన్లో అందరూ 'రిజిస్టరమ్మ' అని పిలిచే ఆమె, పోయిన సామాన్ల ఆఫీసులో గుమస్తా. రెండేళ్ళపాటు భోజనం గంటలో కూర్చుని పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది. పోగొట్టుకున్నవాళ్ళు రాసిచ్చిన అర్జీలు ఒక పట్టిక, రైళ్ళలో దొరికిన సామాన్లు ఇంకో పట్టిక. ఈ రెండిటినీ పోల్చి జతలు కలిపే ప్రోగ్రాము తానే రాయాలని ఆమె పంతం. ఈలోగా, పదేళ్ళు దాటినా ఎవరూ అడగని సామాన్లన్నీ శనివారం మధ్యాహ్నం లారీకెక్కించమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. "ఆ లోపల ఒక్కటంటే ఒక్క వస్తువుకి సొంతదారుణ్ణి చూపించు. లారీని ఖాళీగా తిప్పి పంపుతాను" అని సూపర్నెంటుగారు నలుగురి ముందూ మాటిచ్చారు. శుక్రవారం సాయంత్రం ఆమె ప్రోగ్రాము సగంలో ఉండగా, అది రాసుకుంటున్న సాఫ్ట్‌వేరు కాస్తా 'మీ నెల రోజుల గడువు ముగిసింది' అని తెర మీద బోర్డు తిప్పేసింది.

శనివారం పొద్దున ఆరున్నర. వంటింటి బల్ల మీద టీ చల్లారిపోతోంది. రిజిస్టరమ్మ మూసిన లాప్‌టాప్ మీద గడ్డం ఆనించి గోడ వంక చూస్తోంది. భర్త బస్సుల వర్క్‌షాపులో మొదటి షిఫ్టుకి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "లారీ వచ్చేది పన్నెండుకి కదా, ఇప్పట్నుంచే ఏడుపు మొహం ఎందుకు?" అని నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు.

ఎదురు కుర్చీలో మామగారు పేపరు చదువుతున్నారు. చదువుతున్నారు అనేకంటే దిద్దుతున్నారు అనాలి. ముప్ఫై నాలుగేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. రిటైరై ఏడేళ్ళయినా చేతిలో ఎర్ర పెన్సిలు లేకుండా పేపరు ముట్టుకోరు.

"దిక్కుమాలిన అచ్చు! చూశావా అమ్మాయ్? 'విడుదల' అని నాలుగంటే నాలుగక్షరాలు. 'విడుదుల' అని వేశారు."

"ఏంటి మామయ్యా విడుదలైంది?" నీరసంగా అడిగింది, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"ఏమో. నేను తప్పు దాకానే చదివాను."

ఎర్ర సున్నా చుట్టిన ఆ వార్త లోపలి పేజీలో, ఒక మూల, అగ్గిపెట్టంత ఉంది. ప్రోగ్రాములు రాసుకోవడానికి, తప్పులు పట్టుకోవడానికి, నడిపి చూసుకోవడానికి అన్నీ ఒకేచోట ఉన్న కొత్త సాఫ్ట్‌వేరు మొన్ననే విడుదలైందట. ఎక్కడెక్కడో ఉన్న పదిహేనుమంది తీరిక వేళల్లో కూర్చుని తయారుచేశారట. ఎవరైనా వాడుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు.

రిజిస్టరమ్మ కుర్చీ వెనక్కి పడిపోయేంత వేగంగా లేచింది. కూర్చునే పని ఉందని గుర్తొచ్చి, మళ్ళీ కూర్చుంది.

"మామయ్యా, మీ తప్పుల పిచ్చికి వెయ్యి దండాలు!"

లాప్‌టాప్ పాతది. డౌన్‌లోడు మొదలవగానే లోపలి ఫ్యాను పిండిమరలా రొద పెట్టింది. తొంభై ఏడు శాతం దగ్గర కదలకుండా నిలబడిపోతే ఇద్దరూ దాని వంక గుడ్లప్పగించి చూశారు. మామగారు బల్ల అంచు మీద మెల్లగా తట్టారు, మొండికేసిన పసిపిల్లని బుజ్జగించినట్టు. తొంభై ఎనిమిది. నూరు.

"ఎన్నాళ్ళు ఉచితమట?"

"ఎప్పటికీ అని ఉంది."

"ఎప్పటికీ అని పెద్దక్షరాల్లో రాస్తారు. అసలు సంగతి చిన్నక్షరాల్లో ఉంటుంది. ఇటు తిప్పు." భూతద్దం తెచ్చుకుని షరతులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివారు. పావుగంట పట్టింది. ఆమెకి ఒక్కో నిమిషం ఒక్కో యుగం. చివరికి భూతద్దం దించి, కాస్త నిరాశగా, "మోసమేం లేదు. రెండు అచ్చుతప్పులున్నాయి, అంతే" అన్నారు.

అది తెరుచుకున్నాక ఫోన్ నంబరు అడగలేదు. ఎవరు, ఏం చేస్తుంటారు అని ఆరా తీయలేదు. తెర నల్లగా కావాలా, తెల్లగా కావాలా అని మాత్రం అడిగింది.

"తెలుపు పెట్టు. కళ్ళకి అలవాటైన రంగు" అన్నారు మామగారు, అడిగింది తననే అన్నట్టు.

నిన్న మూతపడిన సాఫ్ట్‌వేరు తన ఫైలుని కూడా మింగేసి ఉంటుందేమోనని రాత్రంతా ఆమెకి గుబులు. ఫైలుకేం కాలేదు. కొత్త కిటికీలో అది తెరుచుకుంటుంటే, తన రాత తనకే కొత్తగా కనిపించింది. ఒక్కో రకం మాటకి ఒక్కో రంగు, పక్కన వరుసగా అంకెలు. మధ్య మధ్య, పదకొండు చోట్ల, మాటల కింద ఎర్రగా మెలికలు తిరిగిన గీతలు.

మామగారు కుర్చీ లాక్కుని ఆమె పక్కకి వచ్చేశారు.

"ఈ గీతలెవరు గీశారు?"

"అదే గీసింది మామయ్యా. నేను తప్పు రాసినచోటల్లా గీత పెడుతుంది. దాని మీదకి బాణం తీసుకెళ్తే తప్పేమిటో కూడా చెబుతుంది. ఇదిగో, ఇక్కడ బ్రాకెట్ తెరిచాను, మూయడం మర్చిపోయాను."

మామగారు ఆ గీతలన్నీ ఒక్కొక్కటే చూశారు. తర్వాత, "మా వృత్తివాడే" అన్నారు. ఆ గొంతులో ఉన్నది ముచ్చటో ఈర్ష్యో ఆమెకి అర్థం కాలేదు. "కాకపోతే నాకంటే మంచివాడు. నేను సున్నా చుట్టి ఊరుకునేవాణ్ణి. ఎందుకు తప్పో చెప్పేవాణ్ణి కాదు. అచ్చక్షరాలు పేర్చే కంపోజిటర్లందరికీ నేనంటే ఒళ్ళుమంట అందుకే."

ఆ గంటన్నర ఎలా గడిచిందో ఇద్దరికీ తెలియలేదు. పాత సాఫ్ట్‌వేరులో ఒక మాట మర్చిపోతే పుస్తకం తిరగేయాల్సి వచ్చేది. ఇందులో రెండక్షరాలు కొట్టగానే, 'ఇదేనా మీరు అనబోయేది?' అన్నట్టు కింద చిన్న జాబితా దిగుతోంది. మొదటిసారి అది దిగినప్పుడు ఆమె ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. పదోసారికి, మాట సగంలో ఉండగానే అందించే స్నేహితురాలు పక్కన కూర్చున్నట్టనిపించింది. ఎర్ర గీతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఆఖరిది పోగానే మామగారు చప్పట్లు కొట్టారు. ఆమె పైనున్న పచ్చ బాణం నొక్కింది.

తెర అడుగున ఒకే ఒక్క వరుస వచ్చింది. 'కలిసిన జతలు: 0.'

"సున్నానా?" అన్నారు మామగారు.

"సున్నాయే."

గోడ గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది. ఆమె లాప్‌టాప్ సంచిలో పెట్టుకుంది. మామగారు ఛార్జరు తీగ చుట్టి, ఎర్ర పెన్సిలు జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకున్నారు.

"మీరెక్కడికి?"

"సున్నా దగ్గర వదిలేసి ఇంట్లో కూర్చుంటే నాకు అన్నం సయిస్తుందా? పద."

పోయిన సామాన్ల ఆఫీసు రెండో ప్లాట్‌ఫారం మెట్ల కింద ఉంటుంది. పొడుగాటి గది. ఇనుప అరలు పైకప్పు దాకా. తోలు, తడి గొడుగులు, పాత కాగితాలు కలిసిన వాసన. పైన ఎవరు మెట్లు దిగినా గదంతా దడదడమంటుంది. అరల నిండా మనుషులు మర్చిపోయినవి: గొడుగులు, చేతికర్రలు, ఒంటి బూట్లు, ఒక కుట్టుమిషను తలకాయ, పళ్ళసెట్లు పదకొండు, పేరు చెక్కిన క్రికెట్ బ్యాటు. పదేళ్ళు దాటినవాటికి నిన్ననే పసుపు చీటీలు అంటించారు. సగం గది పసుపుపచ్చగా ఉంది.

సూపర్నెంటుగారు అప్పటికే వచ్చేశారు. ఇస్త్రీ చొక్కా, సిరా పెన్ను, బల్ల మీద తెరిచిన రిజిస్టరు. మామగారిని చూసి లేచి నిలబడ్డారు.

"రండి రండి పెద్దాయనా, కూర్చోండి. ఏమ్మా, దొరికిందా నీ ఒక్కటి?"

"ఇంకా లేదు సార్. పన్నెండు కాలేదు కదా."

"కాలేదు, కాలేదు. నేనేమైనా అన్నానా?" అన్నారాయన. నిజానికి ఆయన లారీ కోసం ఉవ్విళ్ళూరుతున్న మనిషేం కాదు. ఇరవై ఆరేళ్ళుగా తన చేత్తో చీటీ కట్టిన సామాన్లవి. కాకపోతే రిజిస్టరులో దొరకనిది కంప్యూటరులో దొరుకుతుందంటే ఆయన మనసు ఒప్పుకోదు. రిజిస్టరు రాసింది తానే మరి.

రిజిస్టరమ్మ సొరుగుల బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. దారిలోనే ఆలోచించి పెట్టుకుంది: తెలియని జతల సంగతి తర్వాత, ముందు తెలిసిన జతని పట్టుకుంటుందో లేదో చూడాలి. పోయిన నెల ఒక హెడ్‌మిస్ట్రెస్‌గారికి చిలక పిడి గొడుగు తిరిగి ఇచ్చారు. అర్జీ ఉంది, సామాను పట్టికలోనూ ఉంది. కళ్ళు మూసుకుని అయినా కలపాల్సిన జత. ప్రోగ్రాము దాన్ని కూడా వదిలేసింది. అంటే తప్పు సామాన్లలో లేదు, తన రాతలో ఉంది.

కొత్త సాఫ్ట్‌వేరులో ఒక సదుపాయం ఉంది. ఏ వరుస పక్కన ఎర్ర చుక్క పెడితే, ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ అక్కడికొచ్చి ఆగుతుంది. ఆ క్షణంలో దాని చేతిలో ఏమేం ఉన్నాయో విప్పి చూపిస్తుంది. పోల్చే వరుస పక్కన చుక్క పెట్టి, గొడుగు నంబరిచ్చి, పచ్చ బాణం నొక్కింది. ప్రోగ్రాము సరిగ్గా అక్కడికొచ్చి ఆగింది.

"చూడండి మామయ్యా. అర్జీలో రైలు నంబరు 412. సామాను పట్టికలో రైలు నంబరు 412. రెండూ ఒకటేనా అని అడిగితే ఇది 'కాదు' అంటోంది!"

"దానికి లెక్కలు రావేమో" అన్నారు సూపర్నెంటుగారు, దూరం నుంచి, సంతోషంగా.

మామగారు కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి, ముక్కు తెరకి తగిలేంత దగ్గరికి వంగారు. ముప్ఫై నాలుగేళ్ళు కాగితాల మీద వంగిన వీపు అది.

"రెండూ ఒకటి కావమ్మా."

"అదేంటి?"

"పై దానికి కొటేషను గుర్తు అంకెని ఆనుకుని ఉంది. కింద దానికి ఒక వెంట్రుక వాసి ఎడంగా ఉంది. అంకె తర్వాత ఖాళీ ఉంది."

రిజిస్టరమ్మ చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత తన కుడిచేతి బొటనవేలి వంక చూసుకుంది. రెండేళ్ళపాటు, సామాను పట్టికలో ప్రతి రైలు నంబరు కొట్టాక, ఆ వేలు అలవాటు కొద్దీ ఖాళీ మీట నొక్కేసింది. పన్నెండు వేల సామాన్లు, పన్నెండు వేల ఖాళీలు!

ఆమెకి ఏడవాలో నవ్వాలో తెలియక ముందు నవ్వు వచ్చేసింది. ఆ నవ్వులోనే రెండక్షరాలు కొట్టింది. జాబితా దిగింది. ముందూ వెనకా ఉన్న ఖాళీలు కత్తిరించే మాట అందులో మూడోది. దాన్ని ఎంచుకుని, చుక్క తీసేసి, బాణం నొక్కింది.

తెర మీద వరుసలు జలజలా రాలాయి. చిలక పిడి గొడుగు. డాక్టరుగారి స్టెతస్కోపు. కవల పిల్లల ఒకే రకం టోపీలు. 'కలిసిన జతలు: 312.'

"మామయ్యా!" అని అరిచింది. పైన మెట్లు దిగుతున్నవాళ్ళెవరో ఒక్క క్షణం ఆగి వంగి చూశారు. మామగారు జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి, దిద్దడానికి ఏమీ లేక, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

సూపర్నెంటుగారు తాపీగా లేచి వచ్చారు. వరుసలన్నీ పైనుంచి కిందికి చదివారు. ఆయన మొహంలో మెప్పు లేకపోలేదు.

"బాగుందమ్మా. నిజంగానే బాగుంది. కానీ ఇవన్నీ మనం ఎప్పుడో ఇచ్చేసినవే కదా? పసుపు చీటీ ఉన్నది ఒక్కటి చూపించు."

ఆమె పసుపు చీటీల సామాన్లు మాత్రమే ఎంచి మళ్ళీ నొక్కింది. సున్నా.

"అదే నేను చెప్పేది" అన్నారాయన, మెత్తగానే. "ఉంటే మేం అప్పుడే పట్టుకునేవాళ్ళం. ఈ కళ్ళతో రిజిస్టరంతా వెతికాను. ఒకసారి కాదు, ప్రతి ఏడూ."

"పేరుతో వెతికారు కదా సార్?"

"పేరుతో కాక దేంతో వెతుకుతారు?"

ఆమె తెర మీద తన వరుసల్ని చూసుకుంటోంది. రైలు, బోగీ నంబరు, తేదీ, బరువు. అన్నిటికంటే పైన, తానే రాసిన మొదటి షరతు: వస్తువు పేరు ఒకటే అయితేనే మిగతావి చూడు. ఇరవై ఆరేళ్ళుగా సూపర్నెంటుగారు చేస్తున్న పనినే ఆమె యంత్రానికీ నేర్పింది.

"సార్, పేరు ఎవరు పెడతారు?"

"అదేం ప్రశ్న?"

"పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళకి తెలిసిన పేరు రాస్తారు. మనకి దొరికినప్పుడు మనకి తోచిన పేరు రాస్తాం. ఇద్దరికీ ఒకటే తోచినవి ఎప్పుడో కలిసిపోయాయి. అవే ఈ మూడొందల పన్నెండూ. మిగిలినవి అలా తోచనివి. నేను పేరు తీసేస్తాను."

"పేరు తీసేస్తే ఇంకేం మిగులుతుందమ్మా?" ఆయన గొంతు మొదటిసారి హెచ్చింది. "గొడుగుని పట్టుకుని చేతికర్ర అంటుంది. ఎవరి సామాను ఎవరికో ఇస్తాం. ఈ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళలో ఒక్క వస్తువు తప్పు చేతికి పోలేదు. ఒక్కటి! నీ సరదా కోసం ఆ పేరు పాడు చేసుకోను."

"సరదా కాదు సార్." ఆమె కూడా లేచి నిలబడింది. "తప్పు చేతికి పోలేదు, నిజమే. కానీ సరైన చేతికి కూడా పోలేదు. ఇంకో గంటలో లారీకెక్కుతుంది. యంత్రం ఇమ్మన్నవన్నీ ఇవ్వమనడం లేదు. అది చూపించినవి మనం చూద్దాం. ఇవ్వాలో వద్దో మీరే చెప్పండి."

సూపర్నెంటుగారు మామగారి వంక చూశారు, పెద్దమనిషిగా తీర్పు చెప్పమన్నట్టు.

"మా ప్రెస్సులో 'కాపీ చదవడం' అని ఉండేదండీ" అన్నారు మామగారు. "ఒకడు అసలు ప్రతి పైకి చదువుతాడు, రెండోవాడు అచ్చు చూస్తాడు. ఒక్కడే చూస్తే కళ్ళు మోసపోతాయి. అర్జీలు నేను చదువుతా, రిజిస్టరు మీరు చూడండి. మన ఇద్దర్నీ దాటి తప్పు ఎక్కడికి పోతుంది?"

ఆ మాట సూపర్నెంటుగారికి నచ్చింది. కుర్చీ లాక్కున్నారు.

రిజిస్టరమ్మ పేరు వరుసని చెరిపేయలేదు. దాని ముందు ఒక గుర్తు పెట్టింది. వరుస బూడిద రంగులోకి మారి పక్కకి తప్పుకుంది. రైళ్ళు అర్ధరాత్రి దాటి నడుస్తాయి కనుక తేదీలో ఒకరోజు అటూ ఇటూ పోనిమ్మంది. బరువులో వంద గ్రాముల తేడా వదిలేయమంది. బాణం నొక్కింది.

పంతొమ్మిది.

"మొదటిది" అన్నారు మామగారు గొంతు సవరించుకుని. "పోయింది: నాలుగు గిన్నెల టిఫిను క్యారియరు."

"దొరికింది: కొయ్య కాలు" అన్నారు సూపర్నెంటుగారు. "బరువు ఒకటేనండోయ్!"

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. రెండోది కాదు. మూడోది, నాలుగోది కావు. అయిదోది అయ్యేలా ఉండి తప్పిపోయింది. నవ్వులు తగ్గాయి. పదకొండున్నర అయింది.

"ఎనిమిదోది. పోయింది: కృత్రిమ కళ్ళ నమూనాల పెట్టె. కళ్ళు పోయినవాళ్ళకి కళ్ళు తయారుచేసే ఆయన రాసిన అర్జీ. చెక్క పెట్టె, మూలలకి ఇత్తడి రేకు. బరువు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. పదకొండేళ్ళ కిందట, 88వ నంబరు రైలు, అయిదో బోగీ, కిటికీ పక్క."

సూపర్నెంటుగారి వేలు రిజిస్టరు మీద జారుతూ జారుతూ ఆగిపోయింది.

"చదవండి" అన్నారు మామగారు.

"దొరికింది..." అన్నారాయన. "చెక్క పెట్టె, ఇత్తడి మూలలు. రైలు 88, అయిదో బోగీ. మర్నాటి తేదీ. రెండు కిలోల మూడు వందల తొంభై. తాళం వేసి ఉంది. ఊపితే గలగల శబ్దం. వస్తువు..."

"వస్తువు?"

"గోళీలు."

ఎవరూ నవ్వలేదు. నీలం సిరాతో, గుండ్రంగా, పొందికగా ఉన్న ఆ అక్షరాలు ఎవరివో ముగ్గురికీ తెలుసు. పిల్లల ఆటవస్తువుల అరలో, ప్రతి ఏడూ ఆయన కళ్ళ ముందే ఉందన్నమాట. కంటి నమూనాల కోసం గోళీల దగ్గర ఎవరు వెతుకుతారు?

సూపర్నెంటుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచారు. "ఆయన మూడుసార్లు వచ్చాడమ్మా" అన్నారు చివరికి. "నాకు గుర్తుంది. ఇక్కడే, ఈ కిటికీ దగ్గర నిలబడేవాడు. లేదని చెప్పి పంపించింది నేనే."

రిజిస్టరమ్మకి గెలిచిన సంతోషం రావలసింది, రాలేదు. మామగారే అందుకున్నారు.

"నేనొకసారి బడి పుస్తకం దిద్దానండీ. 'గుండె ఎడమవైపు ఉంటుంది' అని ఉండాలి. 'ఎడమవైపు ఉండదు' అని పోయింది. పదివేల ప్రతులు. ఒక తరం పిల్లలు కుడివైపు తడుముకున్నారు."

సూపర్నెంటుగారు ఒక్క క్షణం ఆయన్ని తేరిపార చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే నిచ్చెన తెచ్చుకున్నారు. ఎవర్నీ ఎక్కనివ్వలేదు. పైఅర నుంచి పెట్టెని రెండు చేతులతో, పసిబిడ్డని దింపినట్టు దింపి, బల్ల మీద పెట్టారు. దుమ్ము కింద ఇత్తడి తళుక్కుమంది.

"తాళంచెవి?"

"అర్జీలో రాశాడు" అంది రిజిస్టరమ్మ. "తాళం ఉత్తదేనట. ఎడమ మూలలో మూడో మేకు నొక్కి పక్కకి జరిపితే మూత వస్తుందట. తన పెట్టె అని రుజువు కోసం రాశాడు."

సూపర్నెంటుగారు మూడో మేకు నొక్కారు. జరిపారు. టక్కుమంది.

మూత లేచింది. నల్లటి మఖమలు గుడ్డ మీద, ఒక్కో గుంటలో ఒక్కటి చొప్పున, కళ్ళు. నలుపు, ముదురు గోధుమ, తేనె రంగు, బూడిద. ప్రతి కనుపాపలోనూ సన్నసన్నటి గీతలు, వెంట్రుక కుంచెతో గీసినవి. అన్నీ తళతళలాడుతూ, ఎన్నాళ్ళకి తలుపు తీశారు అన్నట్టు, ముగ్గురి వంకా చూస్తున్నాయి.

"ఎటు జరిగినా నన్నే చూస్తున్నాయేంటి!" అన్నారు మామగారు, పక్కకి జరుగుతూ.

బయట హారను మోగింది. డ్రైవరు తల లోపలికి పెట్టి, "సార్, ఎక్కించమంటారా?" అని అడిగాడు.

"ఏమీ లేదు. ఖాళీగా వెళ్ళు" అన్నారు సూపర్నెంటుగారు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆయన ఇంత ఉత్సాహంగా ఏ ఉత్తర్వుకీ ఎదురు చెప్పి ఉండరు. "పై వాళ్ళకి నేను రాసుకుంటాను. ఇంకా పదకొండు జతలు చదవాల్సి ఉంది!"

అర్జీ మీద ఫోన్ నంబరు ఉంది. పదకొండేళ్ళ నాటిది, ఉంటుందో ఉండదో. రిజిస్టరమ్మ నొక్కింది. ఆరుసార్లు మోగాక ఒక ముసలి మగ గొంతు పలికింది. ఆమె తానెవరో చెప్పి, 'పెట్టె' అనేసరికి, అటువైపు ఏదో కిందపడిన చప్పుడు.

"ఇత్తడి మూలలా? మూడో మేకా? అమ్మా, నువ్వు చల్లగా ఉండాలి! అవి నేను చేసినవి కాదు తల్లీ, నేను అచ్చులు పోసేవాణ్ణి, అంతే. రంగులన్నీ మా ఆవిడవి. ఆ నమూనాలు పక్కన పెట్టుకుని చూస్తేనే ఎవరి కన్ను ఏ రంగో సరిపోయేది. అవి పోయాక అంతా గుర్తుని బట్టే చేశాం. ఏమేవ్! ఇటురా! కళ్ళు దొరికాయి! నీ కళ్ళే!"

ఫోను చేతులు మారింది. వెనకాల ముసలాయన ఎవరినో పొరుగువాళ్ళని కేకలేసి పిలుస్తున్నాడు. పెద్దావిడ గొంతు మాత్రం నెమ్మదిగా, స్థిమితంగా ఉంది.

"అన్నీ ఉన్నాయా అమ్మా? కాస్త లెక్కపెట్టి చెబుతావా?"

రిజిస్టరమ్మ లెక్కపెట్టింది. అయిదు వరుసలు, వరుసకి పది. "యాభై అండీ. అన్నీ గుంటల్లో గట్టిగా ఉన్నాయి, ఒక్కటీ కదల్లేదు."

"అమ్మయ్య!" అంది పెద్దావిడ. ఆ ఒక్క మాటలో పదకొండేళ్ళ బరువు దిగినట్టు వినబడింది.

సూపర్నెంటుగారు భుజం మీద నుంచి వంగి, నుదురు ముడేశారు. "గట్టిగా ఉంటే మరి ఊపినప్పుడు చప్పుడెలా వచ్చింది?" అని, మఖమలు అంచు పట్టుకుని మెల్లగా ఎత్తారు. గుడ్డ కింద, పెట్టె మూలలో, చుట్టిన దూది ఊడిపోయి, ఒంటరిగా ఇంకో కన్ను దొర్లుతోంది.

"యాభై ఒకటండీ!" అంది రిజిస్టరమ్మ సంబరంగా. "గుడ్డ కింద ఇంకోటుంది."

"నేను వేసినవి యాభయ్యే."

"ఇది వేరేగా ఉందండీ. లేత ఆకుపచ్చ. కనుపాప పక్కన నువ్వుగింజంత మచ్చ."

పెద్దావిడ లేచి నడుస్తున్న చప్పుడు. వెనకాల ముసలాయన నవ్వులు, పొరుగువాళ్ళ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. తర్వాత ఎక్కడో తలుపు మూసుకుంది. ఆ సందడి అంతా దూరమైపోయింది. పెద్దావిడ ఫోనుకి దగ్గరగా వచ్చి, గుసగుసలాడినట్టు అంది:

"అమ్మాయ్, ఆ ఒక్కటీ పెట్టెలోంచి తీసి నీ దగ్గర దాచిపెట్టు. ఎవరొచ్చి అడిగినా ఇవ్వకు. మా ఆయన అడిగినా సరే. నేనొక్కదాన్నే బయల్దేరి వస్తున్నాను."